స్కైప్‌కి సెలవు, పాత ఐఫోన్‌కి కూడా

2025 మే 5, సోమవారం రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఒకటి, స్కైప్ మూతపడింది. రెండోది, పాత ఐఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. మొదటి కబురు విని మా ఇంట్లో పిల్లలు "స్కైప్ అంటే ఏమిటి?" అని అడిగారు. రెండో కబురు విని మా అత్తయ్య "అయ్యో, నా ఫోను!" అంది. స్కైప్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. అందుకని ముందు అత్తయ్య ఫోను సంగతి చూద్దాం.

ఇకమీదట ఐఫోన్‌లో వాట్సాప్ నడవాలంటే ఐఓఎస్ 15.1 గాని, దాని తర్వాత వచ్చింది గాని ఉండాలి. ఐఫోన్ 5ఎస్, ఐఫోన్ 6, 6 ప్లస్ అనే మూడూ ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయాయి. వాటిని అంతకంటే పైకి తీసుకువెళ్ళడం కుదరదు. ఐఫోన్ 6ఎస్ ఉన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, అప్‌డేట్ చేసుకుంటే చాలు. మీ ఫోనులో ఏది ఉందో తెలియకపోతే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ఎబౌట్ నొక్కి చూడండి.

అత్తయ్యది ఐఫోన్ 6. ఫ్రాన్స్‌లో ఉన్న కొడుకు తను వాడి పంపించిన ఫోను. ఈ కబురు మాకు ముందే తెలుసు కాబట్టి శనివారమే కూర్చుని ఆమె వాట్సాప్ సందేశాలను ఐక్లౌడ్‌లోకి ఎక్కించాం. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది సరిపోలేదు. ఎందుకు సరిపోలేదా అని చూస్తే, రోజూ పొద్దున్నే వచ్చే "శుభోదయం" పువ్వుల బొమ్మలే సగం చోటు తినేశాయి. అవి చెరపడానికి గంటన్నర పట్టింది. ఒక్కొక్కటీ చెరిపే ముందు అత్తయ్య "ఇది ఎవరు పంపారో చూడు" అని అడిగింది. చివరికి అమ్మోరు పండుగ ఫొటోలన్నీ భద్రంగా కొత్త ఫోనులోకి వచ్చాయి. కొత్త ఫోను అంటే అదీ ఎవరో వాడిందే.

ఇక స్కైప్.

స్కైప్ మొదలైంది 2003 ఆగస్టులో. పెట్టిన ఇద్దరిలో ఒకరు స్వీడన్ మనిషి నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, ఇంకొకరు డెన్మార్క్ మనిషి యానస్ ఫ్రీస్. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఎస్తోనియా కుర్రాళ్ళు. 2005లో ఈబే దీన్ని 260 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుంది. తర్వాత మైక్రోసాఫ్టే టీమ్స్ అనే ఇంకో ప్రోగ్రాం తెచ్చింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఎందుకు అనుకున్నారేమో, 2025 ఫిబ్రవరి 28న స్కైప్‌ని ఆపేస్తామని చెప్పారు, మే 5న ఆపేశారు.

మీకు స్కైప్ ఖాతా ఉంటే అప్పుడు ఏం చేయాల్సి వచ్చింది? అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో టీమ్స్ ఉచిత వెర్షన్‌లోకి వెళ్ళమన్నారు. మీ స్నేహితుల పేర్లూ, మాటలూ అక్కడికి వస్తాయన్నారు. టీమ్స్ వద్దనుకుంటే మీ సందేశాలను ఒక ఫైలుగా దించుకునే వీలుండేది. దానికి గడువు 2026 జనవరి అని పెట్టారు. ఏమీ చేయకపోతే ఆ తర్వాత అవి చెరిగిపోతాయని చెప్పారు. స్కైప్‌లో డబ్బు వేసుకుని ఇండియాలో ల్యాండ్‌లైన్లకు ఫోను చేసే పెద్దవాళ్ళు మన దగ్గర అప్పటికి ఇంకా ఉన్నారు. మిగిలిన డబ్బుతో వాళ్ళు ఇంకా మాట్లాడుకోవచ్చని చెప్పారు. డయల్ ప్యాడ్ టీమ్స్‌లోనూ, స్కైప్ వెబ్‌లోనూ ఉంటుందన్నారు.

ఇంతవరకూ వార్త. ఇక్కడి నుంచి మా ఇంటి కథ.

2008లో మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, తెలుగు చదువుకోవడానికి విశాఖపట్నం వెళ్ళాడు. మా ఇంట్లో మళ్ళీ ఆ గడ్డ మీద కాలు పెట్టిన మొదటి మనిషి వాడే. మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు ఈ దీవిలో మనల్ని చాలాకాలం "కొరింగీలు" అనేవారు. ఓడలో వచ్చినవాళ్ళ కబురు ఊళ్ళోవాళ్ళకు చేరాలంటే నెలలు పట్టేది. మాకు స్కైప్ ఉంది. మన గడియారంలో రాత్రి 8 అయితే వాడికి 9:30. రోజూ ఆ వేళకి నాయనమ్మ తల దువ్వుకుని, కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. బొమ్మ ఆగిపోయేది, గొంతు తెగిపోయేది. అప్పుడు నాయనమ్మ చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. వాడు జవాబు రాస్తే నేను చదివి వినిపించేదాన్ని. తెలుగు అక్షరాలు ఎలా కొట్టాలో నాకు అప్పుడు తెలియదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే.

నాయనమ్మ 2012లో పోయింది. ఆమె మాటలు ఎక్కడ ఉన్నాయో 2025 ఫిబ్రవరి దాకా నేను ఆలోచించలేదు. స్కైప్‌లో ఉన్నాయిలే అనుకున్నాను. తప్పు నాదే. తొలినాళ్ళలో స్కైప్ మాటలు దూరంగా ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో ఉండేవి కావు. ఎవరి మాటలు వాళ్ళ కంప్యూటర్‌లోనే, మెయిన్.డీబీ అనే ఒక ఫైలులో ఉండేవి. అంటే నాయనమ్మ మాటలన్నీ బీరువా మీద, పాత దుప్పటి కింద, పదేళ్ళుగా ఆన్ చేయని ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

ఆన్ చేశాను. దీపం కూడా వెలగలేదు.

తమ్ముడికి ఫోను చేశాను. వాడి కంప్యూటర్ విశాఖలోనే ఎవరికో అమ్మేసి వచ్చాడట. "అక్కా, నీ దగ్గర ఉన్నదే ఉంది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బజారులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకువెళ్ళాను. ల్యాప్‌టాప్ పాడైపోయినా లోపలి హార్డ్ డిస్క్ బాగుండవచ్చు అన్నాడు. చిన్న స్క్రూలు నాలుగు విప్పి డిస్క్ బయటికి తీశాడు. దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, యూఎస్‌బీ తీగతో వాడి కంప్యూటర్‌కి తగిలించాడు. కాసేపు టకటకమని చప్పుడు. తర్వాత ఫైళ్ళ పేర్లు వరసగా కనబడ్డాయి. మెయిన్.డీబీ ఉంది! అలాంటి ఫైలు తెరవడానికి ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. పది నిమిషాల్లో మాటలన్నీ తెర మీదికి వచ్చాయి.

మొదటి వారం మాటల్లో ఇది ఉంది: "ఏటి తిన్నావు నాయనా? అక్కడ దిరి దొరుకుతాదా?" మన క్రియోల్‌లో దిరి అంటే బియ్యం. ఆంధ్రలో బియ్యం దొరుకుతుందా అని అడిగింది మా నాయనమ్మ. ఆమెకి దిరి, దిలో, లాబుతిక్ అన్నీ తెలుగు మాటలే. వాడు విశాఖలో కొట్టుకి వెళ్ళి దిల్విల్ కావాలని అడిగాడట. నూనె అని కొట్టువాడికి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టిందట. కానీ ఆ కొట్టువాడు "ఏటి కావాల బాబూ" అన్నప్పుడు మాత్రం వాడికి నాయనమ్మ గొంతు విన్నట్టే ఉందని రాశాడు. "ఏటి" అంటే "ఏమిటి". బడి పుస్తకంలో ఈ మాట ఉండదు. మన ఇళ్ళలో ఉంటుంది, అక్కడ ఉత్తరాంధ్రలో ఉంటుంది.

మరో చోట: "అప్పన్న కొండ ఎక్కినావా నేదా?" నాయనమ్మ ఈ దీవి దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ సింహాద్రి అప్పన్న పేరు చెప్పకుండా దీపం పెట్టేది కాదు. విశాఖపట్నం పక్కనే సింహాచలం. "ఆ కొండ మీద సంపంగి పూలు ఉంటాయని మా అమ్మ సెప్పేది" అని ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. మూడు రోజుల తర్వాత తమ్ముడి జవాబు: "ఉన్నాయి నాయనమ్మా. బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు." దాని కింద నాయనమ్మ చెప్పింది ఏమీ లేదు. నాకు గుర్తుంది, ఆమె లేచి దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆమె గొంతు మాత్రం దొరకలేదు. మేము ఎప్పుడూ రికార్డు చేయలేదు.

ఇప్పుడు ఆ మాటలన్నిటినీ తెలుగు అక్షరాల్లోకి మారుస్తున్నాను. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ కీబోర్డు ఉంటే, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వస్తాయి. కానీ అది మనసులో మాట చదవలేదు. పి-ఏ-ఎల్-యు అని ఉంటే అది పాలా, పళ్ళా? "ఈరోజు కొనింది" అని పక్కన ఉంటే రెండూ కుదురుతాయి. అలాంటివి వచ్చినప్పుడు అత్తయ్యని అడుగుతున్నాను. ఆమెకి కొన్ని గుర్తున్నాయి.

మిగిలిన వార్తలు త్వరగా చెప్పేస్తాను.

మంగళవారం మైక్రోసాఫ్ట్ రెండు చిన్న సర్ఫేస్ కంప్యూటర్లు చూపించింది. 12 అంగుళాల సర్ఫేస్ ప్రో 799 డాలర్ల నుంచి, 13 అంగుళాల సర్ఫేస్ ల్యాప్‌టాప్ 899 డాలర్ల నుంచి అన్నారు. మే 20న అమ్మకానికి వచ్చాయి. మన రూపాయల్లోకి మార్చి, పన్ను కలిపి చూస్తే నాకు కొనాలనే కోరిక తగ్గింది. దీనికంటే మనకు ముఖ్యమైన తేదీ 2025 అక్టోబర్ 14. ఆ రోజుతో విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకో ఏడాది కావాలంటే 30 డాలర్లు కట్టాలి అని మే నెలలో అన్నారు. చాలా ఇళ్ళలో ఇంకా విండోస్ 10 కంప్యూటర్లే ఉన్నాయి. పాతది మార్చేటప్పుడు డిస్క్‌లో ఏముందో చూడకుండా ఎవరికీ ఇవ్వకండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

బుధవారం వాషింగ్టన్ కోర్టులో గూగుల్ కేసు నడుస్తుండగా, ఆపిల్ పెద్ద ఎడ్డీ క్యూ ఒక మాట అన్నాడు. ఏప్రిల్‌లో సఫారీలో వెతకడం మొదటిసారి తగ్గిందట. జనం ఏఐని అడుగుతున్నారట. అంతే, ఆ రోజు గూగుల్ యజమాని ఆల్ఫాబెట్ షేరు 7 శాతానికి పైగా పడింది. వెతకడం మొత్తం మీద పెరుగుతూనే ఉందని గూగుల్ అదే రోజు జవాబు చెప్పింది. ఎవరు చెప్పింది నిజమో గాని, మా పిల్లలు హోంవర్కు తెలుగు మాటలు చాట్‌జీపీటీనే అడుగుతున్నారు. సరదాకి "ఏటి" అంటే ఏమిటి అని అడగమన్నాను. నది అని చెప్పింది. ఏరు, ఏటి ఒడ్డు, అదీ నిజమే. మా నాయనమ్మ ఏటి మాత్రం దానికి తట్టలేదు.

అదే రోజు నెట్‌ఫ్లిక్స్ టీవీలో మొదటి పేజీ మారుస్తున్నామని చెప్పింది. మెనూ పక్క నుంచి పైకి వెళ్ళింది. మా అమ్మకి రిమోట్ మళ్ళీ నేర్పాలి.

మే 13న శామ్‌సంగ్ బాగా సన్నటి ఫోను ఒకటి చూపించింది, గెలాక్సీ ఎస్25 ఎడ్జ్. మన గడియారంలో అది తెల్లవారుజామున 4 గంటలు. నేను లేవలేదు. లేచినవాళ్ళు ఎలా ఉందో చెప్పండి, వచ్చే సంచికలో రాస్తాను.