బ్రౌను అను నింటిపేరు

1852లోఁ దెలుఁగు నిఘంటువును బ్రకటించిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొరగారిని మీరెఱుఁగుదురు. ఆంగ్లేయుల యింటిపేరు తుదిని వచ్చును. బ్రౌను అనఁగా గోధుమవన్నె. ప్రాచీనాంగ్లమున దీని రూపము 'బ్రూన్'. జుట్టో మేనిచాయయో యట్లున్న వానిని ఇరుగుపొరుగువారు బ్రౌను అనిరి. మన యెఱ్ఱన్న, నల్లన్నలును ఇట్టివారే కదా!

ఒక్క యూరనే జానులు, విలియములు పెక్కండ్రు కాఁగా, పన్నుల పట్టీలలో నెవరెవరో తెలియుటకు మాఱుపేరు కావలసివచ్చెను. 14వ శతాబ్ది నాఁటికి అది తండ్రినుండి కొడుకునకు సంక్రమించుట పరిపాటియయ్యెను. కొడుకు జుట్టు పసుపువన్నెదైనను వాఁడు బ్రౌనే!

ఈ పేరు పెక్కుచోట్ల వేర్వేఱుగఁ బుట్టినది. స్కాట్లండు కొండసీమలోఁ గొందఱు, న్యాయాధిపతి కుమారుఁడను నర్థముగల తమ గేలిక్కు పేరును బ్రౌనుగా మార్చుకొనిరి. వారికి వన్నెతోఁ బనిలేదు. కావున బ్రౌనులెల్ల జ్ఞాతులు కారు. ఇరువురు బ్రౌనులు వియ్యమందినను అక్కడ నాక్షేపించువారు లేరు.