కొండ ప్రాంతపు వేట - వయసు, దేహదారుఢ్యం

గుట్టలు, బండరాళ్ళు, పొదలు నిండిన నేలపై జంతువు జాడను పట్టి గంటల తరబడి నడవడానికి, ఎక్కడానికి, దిగడానికి మనిషికి కావలసిన శరీర సామర్థ్యాన్ని ఈ వ్యాసంలో కొండ వేట దేహదారుఢ్యం అని వ్యవహరించడమైనది. వయసు పెరిగేకొద్దీ ఈ సామర్థ్యంలో వచ్చే మార్పులు, దానిని నిలుపుకొనే మార్గాలు ఇందులోని ముఖ్య విషయం. భారతదేశంలో వన్యప్రాణుల వేట 1972 నాటి చట్టం ప్రకారం నిషిద్ధము. అయినప్పటికీ వేటగాడికి అవసరమైన కాలి బలమే నేడు గొర్రెల కాపరికి, తునికాకు సేకరించేవారికి, అటవీ సిబ్బందికి, కొండ మీది దేవుని దర్శనానికి మెట్లెక్కే భక్తునికి కూడా అవసరమగుచున్నది.

ప్రాంత స్వరూపం

జగిత్యాల, కోరుట్ల పట్టణాలు జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల పట్టణం రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి ఏర్పడినవి. జగిత్యాల జిల్లాకు ఉత్తరాన గోదావరి నది ప్రవహించుచున్నది. నదికి ఆవలి ఒడ్డున, 2012లో ప్రకటించబడిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఉన్నది. కోరుట్లకు, సిరిసిల్లకు నడుమ రుద్రంగి, చందుర్తి, కోనరావుపేట పరిసరాలలో గుట్టలు, అడవులు కలవు. మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం కూడా ఇటువంటి గుట్టపైననే వెలసినది.

ఇవి ఎత్తైన పర్వతాలు కావు. కాని నిటారు వాలు, వదులు రాళ్ళు, ముళ్ళ పొదలు ఇక్కడి నడకను కష్టతరం చేస్తాయి. టేకు, తునికి, మోదుగ మొదలైనవి పెరిగే ఆకురాల్చు అడవులు కావడం వలన ఎండకాలంలో నేలంతా ఎండుటాకు పరచుకొంటుంది. దాని క్రింద గుండ్రాళ్ళు కనబడవు, కాలు జారుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు కూడా ఉంటాయి.

వేటలో శరీర శ్రమ

పూర్వపు వేటలో శ్రమ అందరికీ సమానముగా ఉండేది కాదు. నిజాం కాలంలో ప్రభువులు, అధికారులు జరిపిన వేటలలో తుపాకి పట్టినవారు చెట్టుపై కట్టిన మంచె మీద కూర్చొనేవారు. గ్రామస్థులు వరుసగా నిలిచి, డప్పులతో, కేకలతో అడవిని జల్లెడ పట్టి జంతువును మంచె వైపు తరిమేవారు. దీనిని హాకా అంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకు పేరుపొందిన వ్యక్తి. ఆ కాలపు వేట దృశ్యాలు ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ తీసిన చిత్రాలలో కానవస్తాయి. అటువంటి వేటలో గుట్టలెక్కి దిగినది హాకా కొట్టినవారే గాని, పేరు పొందినవారు కాదు.

ఆహారం కోసం జరిగిన చిన్న వేటలో మాత్రం వేటగాడే నడవాలి. జాడ చూడడం, గాలి దిశ గమనించడం, వంగి నడవడం, చాలాసేపు గొంతుక్కూర్చోవడం, దొరికిన దానిని భుజాన వేసుకొని దిగడం ఇందులోని పనులు. ఈ ఒక్కొక్క పనికి శరీరంలోని ఒక్కొక్క శక్తి అవసరము. ఊపిరి, తొడల బలం, కీళ్ళ వంపు, నిలకడ అనేవి ఆ శక్తులు.

వయసు - నైపుణ్యం

వయసు మీరగానే వేటగాడు పనికిరాకుండా పోతాడనే భావన సరికాదు. ప్రపంచంలోని 40 ప్రదేశాలకు చెందిన 1,800 మందికి పైగా వేటగాళ్ళ వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, వేట నైపుణ్యం సగటున 30 - 35 సంవత్సరాల మధ్య గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ తరువాత అది ఒక్కసారిగా పడిపోక, మెల్లగా తగ్గుతుంది. శరీర బలం అంతకంటే ముందే, ఇరవైలలోనే పరాకాష్ఠకు చేరుతుంది. బలం తగ్గుచున్నను జాడల పరిజ్ఞానం, జంతువుల అలవాట్ల ఎరుక, ఓర్పు ఆ లోటును కొంతకాలం పూడ్చడమే ఇందుకు కారణముగా భావిస్తారు. అందువలన వృద్ధుడైన వేటగాని విషయంలో ముందుగా తగ్గేది తెలివి కాదు, కాళ్ళ సత్తువ.

వయసుతో శరీరంలో వచ్చే మార్పులు

- కండరాలు: 30 ఏళ్ళ తరువాత కండర పరిమాణం పదేళ్ళకు సుమారు 3 నుండి 8 శాతం తగ్గుతుంది. 60 దాటిన తరువాత ఈ తరుగుదల వేగవంతమవుతుంది. చురుకుగా కదిలించే కండర తంతువులు ముందుగా క్షీణించడం వలన కాలు జారినప్పుడు వెంటనే నిలదొక్కుకోవడం కష్టమవుతుంది.
- ఊపిరి, గుండె: శరీరం ప్రాణవాయువును వినియోగించుకొనగల గరిష్ఠ శక్తి, వ్యాయామం లేనివారిలో పదేళ్ళకు సుమారు 10 శాతం తగ్గుతుంది. క్రమం తప్పక సాధన చేసేవారిలో ఈ తగ్గుదల ఇంతకంటే తక్కువ.
- నిలకడ: చూపు, లోపలి చెవి, పాదాల స్పర్శ ఈ మూడూ కలిసి మనిషిని నిలబెడతాయి. వయసుతో మూడూ మందగిస్తాయి.
- దాహం, చెమట: వృద్ధులలో దాహం తెలిసే గుణం తగ్గుతుంది, చెమట ద్వారా శరీరం చల్లబడడం కూడా తగ్గుతుంది. కావున వారికి వడదెబ్బ ప్రమాదం ఎక్కువ.

స్థానిక వృత్తుల ప్రభావం

ఈ ప్రాంతపు వృత్తులు శరీరాన్ని వేర్వేరు విధములుగా మలచినవి. గొర్రెల కాపరులు రోజంతా నడుస్తారు. గీత కార్మికులు తాటిచెట్లు ఎక్కి దిగుతారు. వీరి కాళ్ళకు, నడుముకు సాధన వృత్తిలోనే లభిస్తుంది. బీడీలు చుట్టే స్త్రీలు గంటల కొద్దీ ఒకే చోట కూర్చొంటారు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు మగ్గాల నడుమ పూట పూటంతా నిలబడి ఉంటారు. ఈ రెండు వృత్తులలో శ్రమ అధికమైనను, ఊపిరికి గాని, తొడలకు గాని గుట్ట ఎక్కే సాధన లభించదు. శ్రమ వేరు, వ్యాయామం వేరు అనుటకు ఇది ఉదాహరణ.

సాధన

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గల వ్యాయామం చేయాలి. కనీసం రెండు రోజులు కండరాల బలానికి ప్రత్యేక వ్యాయామం అవసరము. 65 ఏళ్ళు దాటినవారు వారానికి మూడు లేదా అంతకంటే ఎక్కువ రోజులు నిలకడను పెంచే అభ్యాసాలు కూడా చేయాలి. కొండ నడకకు ఉపకరించేవి ఇవి:

- ఎక్కడం: మెట్లు లేదా చిన్న గుట్ట ఎక్కడం. పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం మధ్యస్థ శ్రమకు గుర్తు.
- దిగడం: దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే శరీర భారాన్ని ఆపుతుంది. మోకాలిపై సమతల నడకలో కంటే ఎక్కువ భారం పడుతుంది. మరునాడు, ఆ మరునాడు తొడలు నొప్పి పుట్టడానికి ఇదే కారణము. తక్కువ ఎత్తుతో ఆరంభించి వారాల తరబడి పెంచినచో ఈ నొప్పి తగ్గుతుంది.
- గుంజీలు, బస్కీలు: తొడలకు, పిరుదులకు బలాన్నిస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చొని లేవడంతో ప్రారంభించవచ్చును.
- నిలకడ: గోడ పక్కన ఒంటికాలిపై నిలబడడం, మడమకు వేళ్ళు తగిలేలా గీత వెంట నడవడం.
- బరువు మోయడం: నడక అలవాటైన తరువాతనే వీపున కొద్దిపాటి బరువు వేసుకోవాలి.

కండరాల రక్షణకు మాంసకృత్తులు అవసరము. వృద్ధులు శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుండి 1.2 గ్రాములు తీసుకోవడం మేలని పలువురు నిపుణుల అభిప్రాయం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా పాటించాలి. జొన్నరొట్టె, అంబలితో పాటు పప్పులు, గుడ్లు, పాలు, చేపలు చేర్చుకొన్నచో ఈ అవసరం తీరుతుంది.

జాగ్రత్తలు

- ఛాతీలో పట్టివేత, దవడకు లేదా ఎడమ చేతికి పాకే నొప్పి, అసాధారణ ఆయాసం, కళ్ళు తిరగడం కలిగినచో వెంటనే ఆగి వైద్యసహాయం పొందాలి.
- రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని సంప్రదించిన పిమ్మటనే సాధన ఆరంభించాలి.
- వేసవిలో ఉదయం ఎండ ముదరక ముందే నడక ముగించాలి. దాహం వేయకున్నను నీరు త్రాగాలి.
- చేతికర్ర వాడడం చిన్నతనం కాదు. దిగుడులో అది మోకాలి భారాన్ని పంచుకొంటుంది.
- గుట్టలలోకి ఒంటరిగా వెళ్ళరాదు. పొలాల వెంట అడవి పందుల కోసం అక్రమంగా అమర్చే విద్యుత్ తీగలు మనుషుల ప్రాణాలను కూడా బలిగొన్నవి.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం చంపడమే కాక, పట్టుకోవడం, ఉచ్చులు వేయడం, విషం పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటయే. నెమలి, ఎలుగుబంటి, చిరుతపులి వంటి మొదటి జాబితా ప్రాణుల వేటకు 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. మనుషులకు, పంటలకు హాని కలిగించే జంతువుల విషయంలో అనుమతి ఇచ్చే అధికారం చట్టంలోని 11వ విభాగం క్రింద అధికారులకే కలదు.

అందుచేత జాడలు గుర్తించే విద్యకు, గుట్టలెక్కే సత్తువకు నేటి చట్టబద్ధమైన వినియోగం అటవీ సంరక్షణలో కలదు. 2006 నుండి నాలుగేళ్ళకొకసారి జరుగుతున్న దేశవ్యాప్త పులుల గణనలో సిబ్బంది అడవిలో కాలినడకన తిరిగి పాదముద్రలు, పెంటికలు, గోళ్ళ గీతలు నమోదు చేస్తారు. పూర్వం జంతువును చంపుటకు తోడ్పడిన అదే నడక, అదే చూపు ఇప్పుడు దానిని లెక్కించి కాపాడుటకు తోడ్పడుచున్నవి.