శబ్దానికి దారి చూపుట

హైదరాబాదు రేడియో చరిత్రలో ఆబిడ్స్‌కు ఒక స్థానమున్నది. తంతి తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ 200 వాట్ల చిన్న ప్రసార యంత్రాన్ని నెలకొల్పినది అక్కడి చిరాగ్ అలీ సందులోనే. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాం ప్రభుత్వ రేడియో ప్రసారాలు ప్రారంభమైనవి. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. అప్పటినుండి యంత్రాలెన్నో మారినవి. కాని శబ్దాన్ని సరిదిద్దేవాడు వేసుకొనవలసిన మొదటి ప్రశ్న మారలేదు: ఈ శబ్దం ఎక్కడ పుట్టి, ఏ దారిన పోయి, ఎక్కడికి చేరుతున్నది?

పూర్వం ప్రసారశాలల కంట్రోల్ రూములో ఈ దారులు కంటికి కనబడేవి. వరుసగా రంధ్రాలున్న ఒక పలక, దానిలో గుచ్చే తీగలు ఉండేవి. తీగ గుచ్చితే దారి ఏర్పడును, ఊడితే నిశ్శబ్దం. నేడు ఇంటిలోని కంప్యూటరే స్టూడియో అయినది. తీగలన్నీ సాఫ్ట్‌వేర్ లోపలికి పోయినవి. అవి పోలేదు, కనబడకుండా ఉన్నవి. చిక్కంతా అక్కడనే.

రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ప్రతి శబ్దానికీ ట్రాక్ అనే ఒక బాట ఉంటుంది. ఆ బాటలో శబ్దాన్ని మార్చే చిన్న పనిముట్లను ప్లగిన్లు అంటారు. జర్మనీలోని స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వి.ఎస్.టి. అనే పద్ధతిని వెలువరించిన పిమ్మట ఇవి బహుళంగా వాడుకలోకి వచ్చినవి. గదిలోని ప్రతిధ్వనిని కల్పించేది ఒకటి, హెచ్చుతగ్గులను సమం చేసేది మరొకటి. వీటిలో చాలవరకు ఎడమ, కుడి అనే ఒక జత ద్వారా శబ్దాన్ని బయటికి పంపుతవి. కొన్నిటికి మాత్రం అనేక ద్వారాలు ఉన్నవి. అవి వచ్చిన శబ్దాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క ద్వారాన అందిస్తవి.

ఆబిడ్స్‌లోని పెద్ద తపాలా కార్యాలయాన్ని తలచుకొనండి. ఒక సంచిలో వచ్చిన ఉత్తరాలను ఊరూరి వారీగా వేరువేరు అరలలో వేస్తారనుకొందాం. బంట్రోతు వచ్చి మొదటి అరలోనివి మాత్రమే తీసికొనిపోతే, తక్కినవి చేరవలసిన చోటికి చేరవు. పంచినవాని తప్పు ఏమీ లేదు. పలు ద్వారాల ప్లగిన్ విషయంలో జరిగేది సరిగా ఇదే. చాల సాఫ్ట్‌వేర్లు మొదటి జతను మాత్రమే తీసికొని ముందుకు పోతవి. తక్కిన జతలు ఎవరికీ వినబడవు. వినబడలేదని యంత్రం చెప్పదు.

ఒక ఉదాహరణ చూడండి. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో జరిగే ఖవ్వాలీని ఒక యువకుడు పెద్దల అనుమతితో ఫోనులో రికార్డు చేసినాడనుకొందాం. గొంతులు, హార్మోనియం, ఢోలక్, చప్పట్లు అన్నీ ఒకే రికార్డులో కలిసిపోయినవి. ఢోలక్ మంద్రధ్వని గుమగుమలాడుతూ గొంతును కప్పివేస్తున్నది. చప్పట్లు చెవికి గుచ్చుకొంటున్నవి. ఆ రాత్రి పాట మరల అదే విధంగా పాడుట గాయకునికైనా సాధ్యం కాదు. ఉన్న రికార్డునే బాగు చేసికొనవలెను.

ఇందుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చే మూడు భాగాల స్ప్లిటర్ పనికివచ్చును. 200 హెర్ట్జ్‌ల లోపు ఒక భాగం, అక్కడినుండి 3,000 వరకు రెండవ భాగం, ఆపైన మూడవ భాగంగా దానిని అమర్చవచ్చును. ఇక దారులు వేయవలెను. మొదట, ఆ ట్రాక్‌కు రెండుకు బదులు ఆరు ఛానళ్ళు ఇవ్వవలెను. స్ప్లిటర్ మంద్రాన్ని 1, 2 ఛానళ్ళలో, మధ్యమాన్ని 3, 4లో, తారాన్ని 5, 6లో ఉంచును. రెండవది, మూడు కొత్త ట్రాకులు తెరచి, పాత ట్రాక్ నుండి ఒక్కొక్క దానికి ఒక సెండ్ వేసి, ఏ జత ఎక్కడికి పోవలెనో తెలుపవలెను. మూడవది, పాత ట్రాక్ నుండి మాస్టర్‌కు నేరుగా పోయే దారిని మూసివేయవలెను.

ఈ మూడవ పనినే పలువురు మరచిపోతారు. అప్పుడు మంద్రధ్వని రెండు దారులలో మాస్టర్‌కు చేరును. ఒకే శబ్దం రెండు మార్లు కలిస్తే 6 డెసిబెల్సు పెరుగును. తగ్గించదలచిన ఢోలక్ మరింత పెద్దదగును!

రెండు దారులలో ఒకటి ఆలస్యమైనచో మరొక చిక్కు. ఆలస్యం ఒక్క మిల్లీ సెకను, అనగా సెకనుకు 48,000 నమూనాల రికార్డులో 48 నమూనాలు మాత్రమే అయినా, రెండు దారులలో వచ్చిన ఒకే శబ్దం 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల వద్ద తనను తాను రద్దు చేసికొనును. గొంతు రేకు గొట్టంలోనుండి వచ్చినట్లుండును. ప్లగిన్ తన ఆలస్యాన్ని తెలిపితే సాఫ్ట్‌వేర్ సాధారణంగా సర్దుకొనును. తెలుపకపోతే మనమే సర్దవలెను. అందువలన ఏ మార్పూ చేయకముందు మూడు ట్రాకులను కలిపి వినుట మంచిది. అది మూలం వలె వినబడితే దారులు సరిగా ఉన్నట్లు.

ఈ ఉపాయానికి హద్దు కూడ కలదు. స్ప్లిటర్ స్వరస్థాయినిబట్టి విడదీయునే గాని, ఇది గొంతు, ఇది చప్పట్లు అని గుర్తుపట్టదు. ‘స’కారం వంటి ఊష్మాక్షరాల పదును కూడ 3,000 హెర్ట్జ్‌ల పైననే ఉన్నది. చప్పట్లను మరీ అణచితే సాహిత్యం మొద్దుబారును.

అన్ని సాఫ్ట్‌వేర్లూ ఈ సౌకర్యాన్ని ఒకే తీరున ఇవ్వవు. వాయిద్యాలను అనుకరించే ప్లగిన్లకు అనేక ద్వారాలు తెరచేవి కూడ, ట్రాక్‌లో చొప్పించిన ఇతర ప్లగిన్లకు ఒక జతకు మించి చోటు ఇవ్వకపోవచ్చును. అట్టిచోట ఒకే రికార్డును మూడు ట్రాకులలో నకలు చేసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క భాగాన్నే నిలిపి తక్కినవి వడకట్టుట సులభమైన మార్గం.

ఏ మార్గం పట్టినా మూలప్రతిని తాకక భద్రపరచవలెను. నిశ్శబ్దం ఎదురైనపుడు యంత్రం చెడినదని తలచుటకు ముందు, శబ్దం వెంట ద్వారం ద్వారం దాటుతూ నడచి చూడవలెను. పోయినదనుకొన్న స్వరం తరచుగా ఎక్కడికీ పోయి ఉండదు. దారి వేసేవారి కొరకు అరలోనే వేచి ఉండును.