మసక ఎక్స్-కిరణ మూలాల పరిశీలన

1. గాలి అడ్డుగోడ

ఆసుపత్రిలో ఎక్స్-రే తీసేటప్పుడు కిరణాలు మీ చేతి కండరాల గుండా సులభంగా సాగిపోతాయి. మరి ఆకాశం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు నేలను ఎందుకు చేరవు? భూమిపై ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో గాలి నిలిచి ఉంది. ఇది పది మీటర్ల లోతు నీటితో సమానం. నీరు నిండిన వ్యవసాయ బావి అడుగుకు ఎక్స్-కిరణం చేరనట్లే, మన నేలకూ అది చేరదు. కాబట్టి పరికరమే గాలిని దాటి పైకి వెళ్లాలి.

1962 జూన్‌లో రికార్డో జకోని బృందం అమెరికాలో ప్రయోగించిన రాకెట్, సౌరకుటుంబం వెలుపల మొదటి ఎక్స్-కిరణ మూలాన్ని వృశ్చికరాశిలో గుర్తించింది. దాని పేరు స్కార్పియస్ ఎక్స్-1. అయితే రాకెట్‌కు దొరికేది కొద్ది నిమిషాల వ్యవధి మాత్రమే.

2. హైదరాబాద్ బెలూన్లు

టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1968లో హైదరాబాద్ నుంచి బెలూన్ ద్వారా ఈ మూలాన్నే పరిశీలించారు. ఆ సంస్థ బెలూన్ కేంద్రం నేటికీ హైదరాబాద్‌లో ఉంది. పల్చని పాలిథిన్ పొరతో చేసి హైడ్రోజన్ నింపిన బెలూన్, పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు మోస్తుంది. పని ముగిశాక పరికరాల పెట్టె పారాచూట్‌తో దిగుతుంది. గాలివాటాన్ని బట్టి అది హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో పడవచ్చు. అందుకే ఇటువంటి ప్రయోగాల ముందు ఇచ్చే ప్రకటనల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేర్లు కూడా ఉంటాయి.

మీ చేనులో అటువంటి పెట్టె కనిపిస్తే తాకవద్దు, తెరవవద్దు. కొన్ని పరికరాల్లో అధిక వోల్టేజి ఉండవచ్చు. పైగా పెట్టెను కదిలిస్తే విలువైన సమాచారం పోవచ్చు. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గాని, పోస్టాఫీసుకు గాని తెలియజేయాలి.

3. మసక మూలం ఎందుకు కష్టం?

40 కిలోమీటర్ల ఎత్తున కూడా కొంత గాలి మిగిలే ఉంటుంది. సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి గల కిరణాలను అది మింగేస్తుంది. సమయమూ కొన్ని గంటలే. ఈ రెండూ మసక మూలాలకు పెద్ద అడ్డంకులు. కింది లెక్క చూడండి.

ఒక శోధకంలో విశ్వకిరణాల వంటి వాటి వల్ల సెకనుకు 100 నేపథ్య గణనలు వస్తున్నాయనుకోండి. మూలం నుంచి సెకనుకు 1 మాత్రమే వస్తుంది. 100 సెకన్లలో నేపథ్యం 10,000. దాని సహజమైన హెచ్చుతగ్గు ఆ సంఖ్యకు వర్గమూలం, అంటే 100. మూలం ఇచ్చినదీ 100 గణనలే. అది నిజమైన మూలమో, హెచ్చుతగ్గో చెప్పలేం. 10,000 సెకన్లు చూస్తే నేపథ్యం 10 లక్షలు, హెచ్చుతగ్గు 1,000, మూలం 10,000. ఇప్పుడు సందేహం లేదు. కాలం 100 రెట్లు పెరిగితే మూలం 100 రెట్లు పెరిగింది, హెచ్చుతగ్గు 10 రెట్లే పెరిగింది.

4. కక్ష్యలో దూరదర్శిని

అంత దీర్ఘకాలం చూడగలిగేది ఉపగ్రహమే. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్, సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున, 98 నిమిషాలకొకసారి భూమిని చుట్టేలా కక్ష్యలో చేరింది. ప్రతి చుట్టులో కొంతసేపు భూమి మూలానికి అడ్డు వస్తుంది. అందువల్ల పలు చుట్లలో అందిన ఫోటాన్లను కలిపి లెక్కిస్తారు.

దీనిలోని మృదు ఎక్స్-కిరణ దూరదర్శిని మరో మార్గం కూడా వాడుతుంది. నేరుగా తగిలిన ఎక్స్-కిరణం అద్దంలోకి చొచ్చుకుపోతుంది. చెరువు నీటిపై ఏటవాలుగా విసిరిన పెంకు ఎగిరిపోయినట్లు, బాగా ఏటవాలుగా తగిలినది పరావర్తనం చెందుతుంది. అలా కిరణాలన్నీ చిన్న చుక్కగా కేంద్రీకృతమైతే, ఆ చుక్క మేరకు వచ్చే నేపథ్యం మాత్రమే లెక్కలోకి వస్తుంది.

కొన్ని మూలాలు ఏళ్ల తరబడి మసకగా ఉండి, ఒక్కసారిగా ప్రకాశిస్తాయి. కృష్ణబిలంలోకి జంట నక్షత్రపు పదార్థం వేగంగా పడటమే ఇందుకు ఒక కారణం. ఆ క్షణం తప్పిపోకుండా ఆస్ట్రోశాట్‌లో ఆకాశాన్ని పదే పదే గాలించే ప్రత్యేక పరికరం అమర్చారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై లెక్కలో పరిశీలన కాలాన్ని 40,000 సెకన్లకు పెంచితే, మూలం గణనలు హెచ్చుతగ్గుకు ఎన్ని రెట్లు?
2. మసక మూలాలకు బెలూన్ ఎందుకు చాలదో రెండు కారణాలు రాయండి.