మన చిరునామా లోకానికి ఎలా తెలుస్తుంది? రౌటర్ ప్రకటనలు, వాటిలో వచ్చే లోపాలు



కళాశాల కంప్యూటర్ గదిలో ఒక వెబ్‌సైటు తెరుచుకోకపోతే మీరు మొదట ఏం చేస్తారు? కేబులు ఊడిందేమో చూస్తారు. మోడెమ్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తారు. అప్పటికీ రాకపోతే "నెట్ లేదు" అనుకుని లేచి వెళ్లిపోతారు. కేబులు బాగుండి, రౌటర్ బాగుండి, కరెంటు ఉండి కూడా నెట్ లేకపోవడం ఒకటి ఉంది. ఈ పాఠం దాని గురించే.

నేను దగ్గరనుంచి చూసిన ఒక సంఘటనతో మొదలుపెడతాను. ఒక విద్యాసంస్థలో ప్రవేశ దరఖాస్తులకు అది చివరి రోజు. ఉదయం పదకొండు దాటాక దరఖాస్తు పేజీ బయట ఎవరికీ రావడం మానేసింది. పల్లెలనుంచి బస్సెక్కి వచ్చి, నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లిస్తూ కూర్చున్న పిల్లలు ఫోన్లు చేయసాగారు. సంస్థ లోపల మాత్రం అదే పేజీ చక్కగా తెరుచుకుంటోంది. "మాకు వస్తోందండీ, మీ దగ్గరే ఏదో లోపం" అని కార్యాలయంవారి జవాబు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ సంస్థకు సొంతంగా 256 ఐ.పి. అడ్రసుల గుంపు ఒకటి ఉండేది. అసలు అంకెలు మనకు అవసరం లేదు. పాఠాల్లో వాడుకోవడానికే విడిగా ఉంచిన 203.0.113.0/24 అనే గుంపును తీసుకుందాం. ఐ.పి. నాలుగో రూపంలో అడ్రసుకు 32 బిట్లు ఉంటాయి. "/24" అంటే మొదటి 24 బిట్లు గుంపంతటికీ ఒకటే అని అర్థం. మిగిలిన 8 బిట్లు మారతాయి కనుక రెండుకు ఎనిమిదో ఘాతం, అంటే 256 అడ్రసులు. గీత పక్కనున్న అంకె పెరిగేకొద్దీ గుంపు చిన్నదవుతుంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, చాలామంది ఇక్కడే తడబడతారు.

ఈ గుంపు ఫలానా చోట ఉందని లోకానికి ఎవరు చెబుతారు? ఇంటర్నెట్‌కు కేంద్ర కార్యాలయం లేదు, ఊరూరి చిరునామాలూ రాసిపెట్టిన పెద్ద పుస్తకమూ లేదు. ఉన్నదల్లా దండోరా. సంస్థ రౌటర్ తన పొరుగు రౌటర్‌తో "203.0.113.0/24 నా దగ్గర ఉంది" అని ప్రకటిస్తుంది. ఆ పొరుగు రౌటర్ తన సంఖ్యను ముందు చేర్చి అవతలి పొరుగుకు చెబుతుంది. అలా ఒకరినుంచి ఒకరికి ఆ మాట ప్రపంచమంతా పాకుతుంది. ఈ దండోరా నియమావళి పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, పొట్టిగా బి.జి.పి. 1989లో ఒక సమావేశం మధ్య భోజనాల బల్ల దగ్గర కిర్క్ లాహీడ్, యాకొవ్ రెఖ్టర్ అనే ఇంజనీర్లు న్యాప్‌కిన్ల మీద దీని తొలి రూపం గీశారు. నేడు నడుస్తున్నది నాలుగో రూపం. స్వతంత్రంగా నడిచే ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని ఆటానమస్ సిస్టమ్ సంఖ్య అంటారు. మన సంస్థ సంఖ్య 64500 అనుకుందాం. ఇదీ పాఠాలకోసం కేటాయించిన సంఖ్యే.

ఇప్పుడు మళ్లీ ఆ ఉదయానికి వద్దాం. సంస్థనుంచి బయటికి వెళ్లే ప్యాకెట్లు వెళుతూనే ఉన్నాయి. వాటికి జవాబుగా రావలసినవే రావడం లేదు, ఎందుకంటే తిరిగి వచ్చే దారి బయట ఎవరికీ తెలియదు. ఉత్తరం పోస్టయింది, పంపినవారి ఊరే పటంలోంచి మాయమైంది! కనుక పరిశీలన రౌటర్ దగ్గర మొదలై అడుగడుగునా బయటికి సాగాలి. తొందరపడి మధ్యలోనుంచి మొదలుపెట్టేవారు పూటంతా పోగొట్టుకుంటారు.

మొదటి ప్రశ్న: పొరుగు రౌటర్‌తో మాటలు నడుస్తున్నాయా? బి.జి.పి. పొరుగులు టి.సి.పి. 179వ పోర్టు మీద మాట్లాడుకుంటాయి. సిస్కో రౌటర్‌లో "షో ఐపి బీజీపీ సమ్మరీ" అనే ఆదేశమిస్తే పొరుగుల పట్టిక వస్తుంది. అక్కడ చివరి గడిలో అంకె కనిపిస్తే అనుబంధం నిలబడి ఉన్నట్టు. ఆ పొరుగునుంచి అన్ని ప్రకటనలు అందాయని దాని అర్థం. అంకెకు బదులు "యాక్టివ్" అని ఉంటే? చురుగ్గా పనిచేస్తోందని సంతోషిస్తారు కొత్తవారు. నా దగ్గర చదివినవారిలో సగంమంది మొదటిసారి ఇలాగే మోసపోయారు. యాక్టివ్ అంటే రౌటర్ ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది, అనుబంధం కుదరలేదు అని అర్థం. పొరుగువారి అడ్రసో, ఆటానమస్ సిస్టమ్ సంఖ్యో, పాస్‌వర్డో తప్పయి ఉండవచ్చు; 179వ పోర్టును మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుకొని ఉండవచ్చు. మన సంస్థలో మాత్రం అక్కడ అంకెలే ఉన్నాయి. మాటలు నడుస్తున్నాయి.

రెండో ప్రశ్న: చెప్పవలసిన మాట మన రౌటర్ దగ్గర ఉందా? లోపం ఇక్కడే దొరికింది. బి.జి.పి. అమరికలో "నెట్‌వర్క్" అనే వాక్యంలో 203.0.113.0/24 అని రాసి ఉంది. ఆ వాక్యం రాసినంత మాత్రాన ప్రకటన వెళ్లదు. సరిగ్గా అదే గుంపు, అదే మాస్క్‌తో, రౌటింగ్ పట్టికలో కూడా ఉంటేనే సిస్కో రౌటర్ ప్రకటిస్తుంది. తన ఇంట్లో లేనిదాన్ని ఉందని చెప్పకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. ఆ ఉదయం ఎవరో హాస్టలుకు, ప్రయోగశాలలకు వేరువేరు విభాగాలు కావాలని ఆ గుంపును రెండు సగాలు చేశారు: 203.0.113.0/25, 203.0.113.128/25. లెక్కకు 128, 128 కలిపితే 256. ఒక్క అడ్రసూ పోలేదు. కానీ పట్టికలో ఇప్పుడు /24 అనే వరుస లేదు, రెండు /25లు ఉన్నాయి. అడిగింది అక్షరాలా దొరక్కపోవడంతో రౌటర్ తన ప్రకటనను వెనక్కి తీసుకుంది. లోపలివారి ప్యాకెట్లు ఈ సగంనుంచి ఆ సగానికి బాగానే తిరుగుతున్నాయి కనుక వారికి పేజీ వస్తూనే ఉంది.

"అయితే రెండు /25లనే ప్రకటిస్తే సరి కదా?" అని అక్కడొకరు అన్నారు. ఆలోచన బాగానే ఉంది, ఫలితం ఉండదు. ప్రపంచపు రౌటింగ్ పట్టిక మరీ ఉబ్బిపోకుండా చాలా నెట్‌వర్క్‌లు /24 కంటే చిన్న గుంపులను స్వీకరించవు. సరైన మార్గం వేరే ఉంది. 203.0.113.0/24ను "నల్ జీరో" అనే శూన్యద్వారం వైపు చూపే స్థిర మార్గం ఒకటి రాయాలి. శూన్యద్వారానికి పంపిన ప్యాకెట్ నాశనమవుతుంది కదా, మరి మన ప్యాకెట్లన్నీ పోవా? పోవు. ఒక అడ్రసుకు రెండు మార్గాలు సరిపోతే రౌటర్ ఎప్పుడూ చిన్న గుంపు మార్గాన్నే ఎంచుకుంటుంది. కనుక నిజమైన ప్యాకెట్లు /25ల దారిన వెళతాయి. /24 వరుస ప్రకటనకు ఆధారంగా నిలబడుతుంది, అంతే. ఒక్క వాక్యం రాశాక కొద్ది నిమిషాల్లో ఫోన్లు ఆగాయి. చివరి గడువును మరునాటికి పొడిగించారు. ఆ ఉదయం డబ్బు కట్టి ఉత్తచేతులతో ఊరికి తిరిగి వెళ్లిపోయినవారిలో ఎందరు మళ్లీ రాగలిగారో మాత్రం ఏ పట్టికా చెప్పదు.

పట్టికలో గుంపు ఉండీ ప్రకటన వెళ్లని సందర్భాలూ ఉన్నాయి. బయటికి వెళ్లే మాటలకు రౌటర్‌లో ఒక వడపోత జాబితా పెడతారు. అందులో అనుమతించినవి మాత్రమే రాసి ఉంటాయి, రాయనిదంతా నిరాకరించినట్టే. కొత్త గుంపు తీసుకొని జాబితాలో చేర్చడం మరచిపోవడం సర్వసాధారణం. ఫలానా పొరుగుకు వాస్తవంగా ఏమేమి ప్రకటించామో చూపే ఆదేశం రౌటర్‌లోనే ఉంటుంది. ఊహించడం మాని అది చూడండి.

అక్కడా బాగుంటే లోపం మన గోడ దాటినట్టే. ఇక బయట నిలబడి చూడాలి. చాలా సంస్థలు "లుకింగ్ గ్లాస్" అనే సౌకర్యాన్ని తెరిచి ఉంచుతాయి. వారి రౌటర్‌కు మన గుంపు కనిపిస్తోందో లేదో అందులో ఎవరైనా చూడవచ్చు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం వారి రూట్ వ్యూస్ ప్రాజెక్టు కూడా ఇలాంటి సమాచారాన్ని సేకరించి ఉంచుతుంది. మన సేవాదారు దగ్గర కనిపించి, ఆ పైవారి దగ్గర కనిపించకపోతే వడపోత ఆ మధ్యలో ఉందని తేలుతుంది.

ఇంత వడపోత ఎందుకని మీరు అడగవచ్చు. దానికి జవాబు మన ఉపఖండంలోనే ఉంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం, ప్రభుత్వ ఆదేశం మేరకు తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి, 208.65.153.0/24 తన దగ్గరే ఉందని ప్రకటించింది. ఆ మాట దేశంలోపలే ఉండవలసింది. హాంకాంగ్‌కు చెందిన పి.సి.సి.డబ్ల్యు. అనే పై సేవాదారు వడపోయకుండా దాన్ని లోకానికి చేరవేసింది. యూట్యూబ్ తన ప్రకటనలో చెప్పింది 208.65.152.0/22, అంటే 1024 అడ్రసులు. అబద్ధపు ప్రకటన అందులోని 256 అడ్రసులది. చిన్న గుంపుకే మొగ్గు అన్న నియమం గుర్తుందిగా! గ్రీనిచ్ కాలమానం ప్రకారం 18:47కు, మనకు అర్ధరాత్రి దాటి 12:17కు, యూట్యూబ్‌కు పోవలసిన ప్యాకెట్లు పాకిస్తాన్ దారి పట్టాయి. 20:07కు యూట్యూబ్ కూడా /24 ప్రకటించింది, 20:18కు రెండు /25లు ప్రకటించింది. 21:01కు పి.సి.సి.డబ్ల్యు. ఆ ప్రకటనలను ఉపసంహరించాకే పరిస్థితి కుదుటపడింది. మన సంస్థను కాపాడిన నియమమే యూట్యూబ్‌ను ముంచింది, చూశారా!

ఆ తర్వాతి కాలంలో ప్రకటనలకు డిజిటల్ సంతకాల ఏర్పాటు వచ్చింది. ఫలానా గుంపును ఫలానా సంఖ్యగల నెట్‌వర్క్ మాత్రమే, ఇంత పొడవు వరకే ప్రకటించవచ్చని దాని యజమాని సంతకం చేసి నమోదు చేస్తాడు. సరిపోలని ప్రకటనలను చాలా పెద్ద నెట్‌వర్క్‌లు తోసిపుచ్చుతున్నాయి. దీనివల్ల కొత్త రకం పొరపాటూ వచ్చింది: సేవాదారును మార్చినప్పుడు నమోదును మార్చకపోతే, మన నిజమైన ప్రకటనే దొంగమాటగా లెక్కకొస్తుంది. కనుక బయట ఎక్కడా కనిపించనప్పుడు ఈ నమోదునూ సరిచూడాలి.

మీ ప్రయోగశాలలో రెండు పాత సిస్కో రౌటర్లుంటే ఇదంతా చేసి చూడవచ్చు. ఒకదానికి 64500, రెండోదానికి 64501 సంఖ్యలివ్వండి. ముందు /24ను ప్రకటించి, రెండో రౌటర్‌లో కనిపిస్తోందో చూడండి. దాన్ని రెండు /25లుగా చీల్చి, ప్రకటన మాయమవడం గమనించండి. శూన్యద్వారపు వాక్యం రాయండి. ఇప్పుడు ఒక /25 వైపు కేబులు లాగేయండి. /24 ప్రకటన ఆగుతుందా? ఆ సగానికి రెండో రౌటర్‌నుంచి పంపిన ప్యాకెట్ ఎక్కడ పోతుంది? శూన్యద్వారం లేకుండా, మిగతా ప్యాకెట్లన్నిటినీ రెండో రౌటర్‌కే పంపమనే డిఫాల్ట్ మార్గం మాత్రమే ఉండి ఉంటే ఆ ప్యాకెట్ రెండు రౌటర్ల మధ్య ఎన్నిసార్లు తిరుగుతుందో, చివరికి ఎందుకు ఆగుతుందో కూడా మీ నోటుపుస్తకంలో రాయండి.