దుబాయి దూరం నాలుగు గంటలే. తేదీ దగ్గరే చిక్కు

కరీంనగర్ నుంచి హైదరాబాదుకు 160 కిలోమీటర్లు. బస్సులో సుమారు నాలుగు గంటలు. శంషాబాద్‌లో విమానమెక్కితే దాదాపు అంతే సమయంలో 2,550 కిలోమీటర్ల దూరంలోని దుబాయిలో దిగవచ్చు.

అయినా టిక్కెట్టు చూసి ఇంటివారు తికమక పడుతుంటారు. ఇక్కడ రాత్రి 10 గంటలకు లేచిన విమానం అక్కడ 12.30కు దిగుతుందని ఉంటుంది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక. టిక్కెట్టుపై ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేస్తారు. వచ్చేటప్పుడు పడమటి గాలులు వెనుక నుంచి తోస్తాయి గనుక కొంత సమయం కలిసివస్తుంది.

అసలు జాగ్రత్త తేదీ విషయంలోనే. 15వ తేదీ రాత్రి ఒంటిగంటకు విమానమంటే, 14వ తేదీ సాయంత్రమే కరీంనగర్‌లో బస్సెక్కాలి. మూడు గంటల ముందే విమానాశ్రయం చేరాలి. 15 సాయంత్రం బయలుదేరితే అప్పు చేసి కొన్న టిక్కెట్టు గాలికి పోయినట్లే.