కళాశాల సాకర్ క్రీడాకారుల మూల్యాంకనం: అమెరికా వృత్తి లీగ్ డ్రాఫ్ట్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలో విశ్వవిద్యాలయాల తరఫున సాకర్ ఆడే విద్యార్థులను మేజర్ లీగ్ సాకర్ జట్లు ఏటా డ్రాఫ్ట్ పద్ధతిలో ఎంపిక చేసుకుంటాయి. కళాశాల స్థాయిలో రాణించిన ప్రతి ఆటగాడూ వృత్తి స్థాయిలో రాణించడం లేదు. కళాశాలలో అంతగా గుర్తింపు పొందనివారు కొందరు లీగ్ చరిత్రలోనే అగ్రశ్రేణికి చేరారు. ఈ వైరుధ్యానికి కారణాలేమిటి? ఆటగాడి భవిష్యత్తును అంచనా వేయడానికి పరిశీలకులు ఏయే ప్రమాణాలను ఆశ్రయించాలి? ఆ ప్రమాణాల పరిమితులేమిటి? అనే ప్రశ్నలను చర్చించడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: సాకర్, డ్రాఫ్ట్, కళాశాల క్రీడలు, మూల్యాంకనం, గణాంకాలు, మేజర్ లీగ్ సాకర్.

1. ప్రవేశిక:

మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటకు అమెరికాలో సాకర్ అని పేరు. ఐ.పి.ఎల్., ప్రో కబడ్డీ పోటీల మూలంగా క్రీడాకారుల వేలం తెలుగు పాఠకులకు సుపరిచితం. డ్రాఫ్ట్ వేలం కాదు. వేలంలో అధిక మొత్తం చెల్లించగల జట్టుకు ఆటగాడు దక్కుతాడు. డ్రాఫ్ట్‌లో ధరతో నిమిత్తం లేకుండా, ముందే నిర్ణయించిన క్రమంలో జట్లు ఒకదాని తరువాత ఒకటి ఆటగాళ్ల పేర్లను ప్రకటిస్తాయి. మన దేశంలో 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమైనప్పుడు స్వదేశీ ఆటగాళ్ల ఎంపికకు ఈ పద్ధతినే అనుసరించారు.

వేలంలో పొరపాటు జరిగితే నష్టం ధనరూపంలో కనిపిస్తుంది. డ్రాఫ్ట్‌లో జరిగే పొరపాటు రెండు విధాలైనది. జట్టు ఒక అవకాశాన్ని కోల్పోతుంది. చదువును మధ్యలో వదిలివచ్చిన విద్యార్థి తన జీవితంలోని కీలకమైన సంవత్సరాలను కోల్పోతాడు. కాబట్టి మూల్యాంకనం కేవలం క్రీడాసాంకేతిక విషయం మాత్రమే కాదు.

2. డ్రాఫ్ట్ స్వరూపం - నేపథ్యం:

మేజర్ లీగ్ సాకర్ తొలి సీజన్ 1996లో జరిగింది. మొదట్లో కళాశాల డ్రాఫ్ట్, అనుబంధ డ్రాఫ్ట్ వేరువేరుగా ఉండేవి. 2000లో వీటిని కలిపి ‘సూపర్ డ్రాఫ్ట్’గా రూపొందించారు. గత సీజన్‌లో వెనుకబడిన జట్లకు ముందుగా ఎంచుకొనే అవకాశం లభిస్తుంది. లీగ్‌లో కొత్తగా చేరిన జట్టుకు సాధారణంగా ప్రథమ స్థానం ఇస్తారు. జట్లు తమ వంతులను పరస్పరం మార్చుకోవచ్చు, ఎవరినీ ఎంచుకోకుండా వదిలివేయనూవచ్చు.

ఈ వ్యవస్థలో రెండు మార్పులు గమనించదగినవి. 1997లో ‘ప్రాజెక్ట్-40’ పేరుతో మొదలై, 2005 నుంచి ‘జనరేషన్ అడిడాస్’గా పిలవబడుతున్న పథకం మొదటిది. పట్టా పూర్తికాకముందే ప్రతిభావంతులను లీగ్‌లోకి రప్పించడం దీని లక్ష్యం. వారి చదువుకు కొంత నిధిని ఈ ఒప్పందంలో భాగంగా కేటాయిస్తారు. 2008లో వచ్చిన ‘హోమ్‌గ్రోన్’ నిబంధన రెండవది. దీని ప్రకారం తమ అకాడమీలో శిక్షణ పొందిన ఆటగాణ్ణి జట్టు డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా నేరుగా చేర్చుకోవచ్చు. ఫలితంగా స్వదేశీ ప్రతిభలో గణనీయమైన భాగం డ్రాఫ్ట్‌కు రాకుండానే జట్లకు చేరుతోంది. మిగిలినవారిలో అకాడమీల దృష్టికి రానివారు, ఆలస్యంగా ఎదిగినవారు, విదేశాల నుంచి ఉపకార వేతనంపై వచ్చినవారు ప్రధానంగా కనిపిస్తారు. అందుచేత నేటి పరిశీలకుడు వెతకవలసింది అందరికీ తెలిసిన ప్రతిభను కాదు, ఇతరుల దృష్టి తప్పించుకున్న ప్రతిభను.

3. కళాశాల ఆటకూ వృత్తి ఆటకూ గల భేదాలు:

రెండూ ఒకే ఆట అయినా, ఆడే పరిస్థితులు వేరు. ఈ భేదాలను గుర్తించకుండా చేసే అంచనా నిలవదు.

అ) ఆటగాళ్ల మార్పిడి: అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒకసారి బయటకు వచ్చిన ఆటగాడు తిరిగి మైదానంలోకి రాకూడదు. కళాశాల నియమాల ప్రకారం రెండవ అర్ధభాగంలో బయటకు వచ్చినవాడు ఒకసారి తిరిగి రావచ్చు. మార్పిడులు కూడా విరివిగా జరుగుతాయి. ఇందువల్ల విశ్రాంతి తీసుకొంటూ విడతలు విడతలుగా పరుగెత్తే ఆటగాడు అలుపు లేనివాడిగా కనిపిస్తాడు. వృత్తి లీగ్‌లో 90 నిమిషాలు నిలకడగా ఆడవలసి వచ్చినప్పుడు అసలు సామర్థ్యం తేటతెల్లమవుతుంది.

ఆ) సీజన్ నిడివి: కళాశాల సీజన్ ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. దాదాపు 20 మ్యాచులు ఈ కొద్ది కాలంలోనే జరుగుతాయి. తరచుగా వారానికి రెండేసి ఆడాలి. విరామం చాలక ఆట నాణ్యత తగ్గడం, సాంకేతిక నైపుణ్యం కన్నా దేహబలానికి ప్రాధాన్యం పెరగడం దీని పర్యవసానం. దేహబలంతోనే పైచేయి సాధించినవాడికి వృత్తి లీగ్‌లో ఆ ఆధిక్యం మిగలదు. అక్కడ అందరూ బలవంతులే.

ఇ) ప్రత్యర్థుల స్థాయి: అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ వంటి బలమైన సమూహంలో ఆడే జట్టుకు ఎదురయ్యే పోటీ, చిన్న సమూహంలోని జట్టుకు ఎదురుకాదు. రెండుచోట్లా నమోదైన గోల్స్ సంఖ్య ఒకటే అయినా వాటి విలువ ఒకటి కాదు.

4. మూల్యాంకన ప్రమాణాలు:

4.1 గణాంకాలు: గోల్స్ సంఖ్య అందరికీ తేలికగా అర్థమయ్యే కొలమానం. కాని దానిని విడమరచి చూడాలి. ఒక ఊహాజనిత ఉదాహరణను పరిశీలిద్దాం. మొదటి ఆటగాడు 1,800 నిమిషాలలో 14 గోల్స్ చేశాడు. వాటిలో 5 పెనాల్టీలు. రెండవ ఆటగాడు 1,200 నిమిషాలలో పెనాల్టీలు లేకుండా 10 గోల్స్ చేశాడు. పైకి మొదటివాడే మెరుగు. పెనాల్టీలను మినహాయించి 90 నిమిషాలకు లెక్కిస్తే మొదటివాడి సగటు 0.45, రెండవవాడి సగటు 0.75. అయితే రెండవవాడు బలహీన ప్రత్యర్థులపై ఆడి ఉంటే, లేదా అలసిన జట్లపై చివరి అరగంటలోనే దిగి ఉంటే ఈ తీర్పు మళ్లీ తారుమారు కావచ్చు.

అంతేకాక 20 మ్యాచులు చాలా చిన్న నమూనా. గోల్ స్తంభానికి తగిలిన రెండు మూడు బంతులు లోపలికి వెళ్లడం, వెళ్లకపోవడం సీజన్ లెక్కనే మార్చివేస్తుంది. అందువల్ల గోల్స్ కన్నా, గోల్‌కు ప్రయత్నించిన సందర్భాలను, వాటి నాణ్యతను లెక్కలోకి తీసుకోవడం సమంజసం. ప్రయత్నాలు ఎక్కువసార్లు పునరావృతమవుతాయి కనుక వాటిలో యాదృచ్ఛికత పాలు తక్కువ.

4.2 వయస్సు: నాలుగేళ్ల చదువు ముగించేనాటికి విద్యార్థికి 21 లేదా 22 ఏళ్లు ఉంటాయి. ఐరోపా, దక్షిణ అమెరికా దేశాలలో ఆ వయస్సుకే పెద్ద జట్లలో కొన్ని సీజన్లు ఆడినవారు కనిపిస్తారు. 19 ఏళ్ల ఆటగాడు, 22 ఏళ్ల ఆటగాడు ఒకే ఫలితాన్ని సాధించినప్పుడు మొదటివాడికి ఎక్కువ విలువ ఇవ్వడానికి ఇదే హేతువు. తనకన్నా పెద్దవారిపై రాణించినవాడు ఇంకా ఎదగగలడు. తనకన్నా చిన్నవారిపై రాణించినవాడు తన గరిష్ఠస్థాయికి ఇప్పటికే చేరువై ఉండవచ్చు.

4.3 ఆడే స్థానం: 2007లో అమలైన ‘డిజిగ్నేటెడ్ ప్లేయర్’ నిబంధన వల్ల జట్లు వేతన పరిమితిని మించి చెల్లించి విదేశీ తారలను తెచ్చుకోగలుగుతున్నాయి. ఈ ధనం ఎక్కువగా ఫార్వర్డులపై, దాడిని నిర్మించే మిడ్‌ఫీల్డర్లపై ఖర్చవుతుంది. కాబట్టి కళాశాల నుంచి వచ్చే ఫార్వర్డ్ ఖరీదైన విదేశీ ఆటగాడితో స్థానానికి పోటీపడాలి. రక్షణ శ్రేణి ఆటగాడికి ఆ పోటీ కొంత తక్కువ. ఆటగాడి ప్రతిభతో పాటు, అతని స్థానంలో జట్టుకున్న ఖాళీని కూడా అంచనాలో చేర్చాలి.

స్థానాన్ని గురించి మరొక ప్రశ్న కూడా ఉంది. కళాశాలలో ఆడిన స్థానమే వృత్తి లీగ్‌లోనూ అతనికి తగినదా? జట్టులో ఉత్తముడైన ఆటగాణ్ణి కళాశాల శిక్షకుడు తన అవసరాన్ని బట్టి మైదానం మధ్యలో నిలుపుతాడు. పై స్థాయిలో అతడు వేరొక స్థానంలో మెరుగ్గా రాణించవచ్చు.

4.4 నిర్ణయవేగం: వీడియోలోని మెరుపుల కన్నా, బంతి తన వద్దకు రాకముందు ఆటగాడు ఏం చేస్తున్నాడన్నది ముఖ్యం. బంతి అందుకొనే ముందు తల తిప్పి చుట్టూ చూస్తున్నాడా? మొదటి స్పర్శతోనే బంతిని ఒత్తిడికి దూరంగా మళ్లిస్తున్నాడా? బంతి పోగొట్టుకున్న వెంటనే ఏం చేస్తున్నాడు? ఇవి సంఖ్యలలో తేలికగా ఇమడని అంశాలు. వృత్తి లీగ్‌లో ఆలోచించే వ్యవధి తగ్గిపోతుంది కనుక, ఈ అలవాట్లు ఉన్నవాడే కొత్త వేగానికి త్వరగా అలవాటు పడతాడు. వీటిని గుర్తించడానికి మైదానంలో ప్రత్యక్ష పరిశీలనకు ప్రత్యామ్నాయం లేదు.

4.5 జాబితా నిబంధనలు: ప్రతి జట్టుకూ విదేశీ ఆటగాళ్ల సంఖ్యపై పరిమితి ఉంది. అమెరికా జట్టుకు సంబంధించినంతవరకు అక్కడి పౌరసత్వం, శాశ్వత నివాస అనుమతి ఉన్నవారు స్వదేశీయులుగా లెక్కకు వస్తారు. సమాన ప్రతిభ గల ఇద్దరిలో విదేశీ స్థానం అవసరం లేనివాడు ముందుగా ఎంపికయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఆటకు సంబంధించని కారణమే అయినా విద్యార్థి భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

5. డ్రాఫ్ట్ చరిత్ర నుంచి కొన్ని నిదర్శనాలు:

2000లో తొలి సూపర్ డ్రాఫ్ట్‌లో ప్రథముడుగా ఎంపికైన స్టీవ్ షాక్ లీగ్ జీవితం కొద్ది సీజన్లకే పరిమితమైంది. 2004లో దేశం దృష్టి అంతా మొదటి స్థానంలో ఎంపికైన 14 ఏళ్ల ఫ్రెడీ అడూపై నిలిచింది. అదే డ్రాఫ్ట్‌లో ఫర్మన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్లింట్ డెంప్సీ ఎనిమిదవవాడు. ఆ ఏడాది ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం పొంది, తరువాత ఇంగ్లండులోని ఫుల్హమ్ జట్టుకు వెళ్లి, జాతీయ జట్టుకు 57 గోల్స్ సాధించింది డెంప్సీయే.

క్రిస్ వండొలౌస్కీ వృత్తాంతం ఇంకా ఆలోచింపజేసేది. రెండవ శ్రేణి కళాశాల పోటీలలో ఆడే చికో స్టేట్ నుంచి వచ్చిన ఈయనను 2005 అనుబంధ డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో తీసుకున్నారు. కొన్నేళ్లు అవకాశాల కోసం నిరీక్షించి, 2010లో లీగ్‌లో అత్యధిక గోల్స్ సాధకుడయ్యారు. 2012లో 27 గోల్స్ చేశారు. 171 గోల్స్‌తో లీగ్ చరిత్రలో అగ్రస్థానాన నిలిచి 2021లో విరమించారు. ప్రత్యర్థుల స్థాయిని లెక్కించడం అవసరమే గాని, చిన్న కళాశాల అన్న కారణంతో పేరునే కొట్టివేయడం ఎంతటి నష్టమో ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

స్థానమార్పునకు జెఫ్ కామెరాన్ నిదర్శనం. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో మిడ్‌ఫీల్డర్ అయిన ఈయనను 2008లో హ్యూస్టన్ 42వ స్థానంలో ఎంచుకుంది. సెంటర్ బ్యాక్‌గా మారిన తరువాత 2012లో ఇంగ్లండులోని స్టోక్ సిటీకి వెళ్లారు.

ప్రథమ స్థానం ఎప్పుడూ వమ్మవుతుందని భావించరాదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు వరుస సంవత్సరాలలో ప్రథములుగా ఎంపికయ్యారు. వీరిలో కైల్ లారిన్ 2015లో తొలి సీజన్‌లోనే 17 గోల్స్‌తో నూతన ఆటగాళ్ల రికార్డు నెలకొల్పారు. 2014లో ఎంపికైన గోల్‌కీపర్ ఆండ్రే బ్లేక్ తొలి రెండు సీజన్లలో చాలా తక్కువ మ్యాచులు ఆడారు. 2016లో ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం అందుకున్నారు, 2020, 2022లలో మరల సాధించారు. బ్లేక్‌ను 2015 చివర్లో అంచనా వేసి ఉంటే విఫలమైన ఎంపికగా తేల్చేవారు. స్థానాన్ని బట్టి పరిణతికి పట్టే కాలం మారుతుందన్నది ఇందులోని సారాంశం.

6. విద్యార్థి పక్షం:

డ్రాఫ్ట్‌లో పేరు వినిపించడం ఒప్పందం కుదిరినట్లు కాదు. జట్టుకు దక్కేది ఆటగాడితో ఒప్పందం చేసుకొనే హక్కు మాత్రమే. సీజన్ ముందటి శిబిరంలో పరీక్షించి, నచ్చకపోతే వదిలివేయవచ్చు. 2022లో మొదలైన ‘ఎం.ఎల్.ఎస్. నెక్స్ట్ ప్రో’ లీగ్ వల్ల ఇటువంటివారికి మరొక మెట్టు ఏర్పడింది. ముందుగానే చదువు వదిలిన విద్యార్థికి పట్టా, ఆట రెండూ చేజారే ప్రమాదం మాత్రం తొలగలేదు.

ఎంపికైన ఆటగాడికి తన జట్టును కోరుకొనే స్వేచ్ఛ లేకపోవడం మరొక అంశం. తన శైలికి సరిపడని జట్టులో పడినవాడి వైఫల్యాన్ని అతని ప్రతిభాలోపంగా లెక్కించడం న్యాయం కాదు. 2013 నుంచి డ్రాఫ్ట్ నిర్వహించిన అమెరికా మహిళల జాతీయ లీగ్, 2024లో క్రీడాకారిణుల సంఘంతో కుదిరిన ఒప్పందంలో ఆ పద్ధతినే రద్దు చేసింది. ఇప్పుడు అక్కడి విద్యార్థినులు తమకు నచ్చిన జట్టుతో నేరుగా మాట్లాడుకోవచ్చు. మూల్యాంకనం చేసే హక్కు జట్టుకే కాదు, జట్టును మూల్యాంకనం చేసే హక్కు క్రీడాకారిణికీ ఉందని ఈ పరిణామం గుర్తించింది.

7. ముగింపు:

• కళాశాల గణాంకాలను ఆడిన నిమిషాలు, పెనాల్టీలు, ప్రత్యర్థుల స్థాయి, వయస్సు అనే నాలుగు కోణాల నుంచి సవరించిన తరువాతే పోల్చాలి.
• దేహబలం వల్ల లభించిన ఆధిక్యాన్ని, నైపుణ్యం వల్ల లభించిన ఆధిక్యాన్ని వేరుచేసి చూడాలి. వృత్తి స్థాయిలో నిలిచేది రెండవదే.
• ఆడే స్థానాన్ని, దానిలో పరిణతికి పట్టే కాలాన్ని, జట్టులోని ఖాళీని కలిపి పరిశీలించాలి.
• అకాడమీల వ్యాప్తితో డ్రాఫ్ట్ ప్రాధాన్యం తగ్గినా, ఆలస్యంగా వికసించే ప్రతిభకు అది తెరచి ఉంచిన ద్వారం. ఆ ద్వారం వద్ద నిలిచిన పరిశీలకుడు 18 ఏళ్లకే ఒకసారి నిరాకరింపబడినవారిని మరల చూస్తున్నాడు. వారిని మొదటిసారి చూస్తున్నంత శ్రద్ధతో చూడడమే అతని బాధ్యత.